కాలనీ పార్కుల్లో మట్టిని మిగలనివ్వండి: సంక్షేమ సంఘాల పెద్దలకు, ఉదయపు నడక మిత్రులకు బహిరంగ లేఖ

వరంగల్, హన్మకొండ, కాజీపేట కాలనీ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సభ్యులకు, తెల్లవారకముందే పార్కు గేటు దగ్గర కనిపించే నడక మిత్రులందరికీ నమస్కారం.

రోహిణి కార్తె వెళ్లిపోతోంది, నాలుగు రోజుల్లో మృగశిర వస్తుంది. మొదటి వాన పడేలోపు పార్కులో ఏ పని చేయించాలో మాట్లాడుకోవడానికి మన సంఘాలన్నీ సమావేశమయ్యే రోజులివి. ఎక్కడ టైల్స్ పరచాలి, ఎన్ని బెంచీలు వేయించాలి, ఓపెన్ జిమ్ ఏ మూలన పెట్టించాలి, ఎన్ని మొక్కలు తెప్పించాలి అని తీర్మానాలు రాసుకుంటాం. ఆ తీర్మానాల పుస్తకంలో సంతకాలు పడకముందే ఒక విన్నపం మీ ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను. పార్కులో ఉన్న మట్టిని దయచేసి మూసేయకండి. చెట్ల కింది నేలను నేలలాగే ఉండనివ్వండి. చెట్టు రాల్చిన ఆకును మంటకు అప్పగించకుండా ఆ నేలకే తిరిగి ఇవ్వండి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మోకాళ్లు సహకరించినంత కాలం హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో నడిచాను, ఇప్పుడు ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న కాలనీ పార్కులో నడుస్తున్నాను. పబ్లిక్ గార్డెన్‌లో పొద్దున ఐదున్నరకు ఉండే సందడి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. ఒక చెట్టు కింద యోగా చేసేవాళ్లు, ఇంకో చెట్టు కింద షుగరు లెక్కలు చెప్పుకునేవాళ్లు, గేటు బయట జొన్న అంబలి, రాగి జావ అమ్మేవాళ్లు. నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరు పెట్టుకున్న కళాప్రాంగణం ఆ ఆవరణలోనే ఉండడం వల్ల, సాయంత్రం కార్యక్రమం ఉందంటే ముందుగానే వచ్చి నీడలో కూర్చోవడం మా ఇంటివాళ్లకు ఒక పండుగలా ఉండేది. భద్రకాళి చెరువు కట్ట సంగతి మీకు తెలిసిందే. వారసత్వ నగరాల అభివృద్ధి కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన హృదయ్ పథకానికి దేశం మొత్తం మీద ఎంపికైన 12 నగరాల్లో మనది ఒకటి. కట్టను నడక బాటగా తీర్చిదిద్దాక, గుడికి వచ్చి దండం పెట్టుకుని వెంటనే తిరిగి వెళ్లిపోయేవాళ్లు కూడా ఇప్పుడు పిల్లలతో కాసేపు కట్ట మీద కూర్చుంటున్నారు. హంటర్ రోడ్డులో 1985లో మొదలైన వన విజ్ఞాన కేంద్రం, నేటి కాకతీయ జంతు ప్రదర్శనశాల, మూడు తరాల పిల్లలకు నెమలిని, జింకను దగ్గరగా చూపించింది.

వీటన్నిటికీ చూసుకునే యంత్రాంగం వేరే ఉంది. నేను మాట్లాడుతున్నది వెయ్యి గజాల్లో, రెండు వేల గజాల్లో ఉండి, గేటు తాళం చెవి మన సంఘం కార్యదర్శి గారి ఇంట్లో మేకుకు వేలాడే పార్కుల గురించి. అక్కడ ఏం జరిగినా, మంచికైనా చెడుకైనా, బాధ్యత చాలా వరకు మనదే.

మా పార్కులో జరిగిన ఒక పొరపాటు చెబుతాను. అందులో నా చెయ్యి కూడా ఉంది. కాలనీలో మొదట ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు పాతికేళ్ల కింద ప్రహరీ వెంట పన్నెండు కానుగ మొక్కలు నాటాయి. అప్పటికి బోరు లేదు. ఇంటికో బిందె చొప్పున నీళ్లు మోసి వాటిని బతికించారు. అవి పెరిగి పెద్దవై, వేసవిలో పార్కు సగభాగం మీద నీడ పరిచేవి. ఆరేళ్ల కింద నడక బాట వేయాలన్నప్పుడు, ఎలాగూ పని మొదలైంది కదా అని, బాటతో పాటు చెట్ల కింద ఉన్న ఖాళీ జాగా అంతా టైల్స్ పరిపించాలని సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. బురద ఉండదు, ఊడ్చుకోవడం తేలిక, చూడడానికి నీటుగా ఉంటుంది అన్నారు. అందరితో పాటు నేనూ చేయి ఎత్తాను. పిల్లలకు వేరు ఎలా ఊపిరి పీల్చుకుంటుందో పాఠం చెప్పిన మనిషినై ఉండి, ఆ రోజు నాకు ఆ పాఠం గుర్తుకు రాలేదు.

మొదటి ఏడాది నిజంగానే బాగుంది. మూడో ఎండాకాలానికి తూర్పు మూలన ఉన్న కానుగ ఆకులు చిన్నవవడం మొదలైంది. చైత్రంలో తళతళలాడుతూ రావాల్సిన చిగురు పలచగా, పసుపు రంగులో వచ్చింది. కొనకొమ్మలు ఎండిపోయాయి. చీడ పట్టిందనుకుని మందు కొట్టించాం. మరుసటి ఏడాదికి రెండు చెట్లు నిలువునా ఎండిపోయాయి. వాటిని కొట్టించడానికి పిలిపించిన పెద్దమనిషి పరకాల వైపు ఊళ్లో వ్యవసాయం చేసి, ఇప్పుడు తోటపని చేసుకుంటున్నాడు. మిగిలిన చెట్లను కూడా ఒక్కొక్కటిగా తట్టి చూసి ఆయన అన్న మాట ఇది: "చీడ లేదు ఏం లేదు టీచరమ్మా. దీనికి ఊపిరి ఆడ్తలేదు. మొదట్ల గాలి జొరవడ్తలేదు, నీళ్లు దిగుతలేవు. సిమెంటు తీసి సూడుండ్రి."

గడ్డపారతో ఒక చెట్టు చుట్టూ టైల్స్ పెకలించాం. టైలు కింద వేలెడు మందం ఇసుక, దాని కింద బూడిద రంగులో గడ్డకట్టిన మట్టి. పది రోజుల కింద గట్టి వాన పడింది, అయినా ఆ మట్టి పొయ్యి గడ్డలాగా ఎండి ఉంది. గడ్డపార మొన తగిలితే ఠంగుమంది. టైలుకు, ఇసుకకు మధ్య దారప్పోగుల్లాంటి తెల్లని వేళ్లు అల్లుకుని ఉన్నాయి. టైల్స్ సందుల్లోంచి ఏ పూటకైనా ఒక చుక్క దిగుతుందేమోనని పైకి పాకి వచ్చిన వేళ్లవి. చెట్టు మొదలు ఏటేటా లావెక్కుతూ సిమెంటు కట్టుకు ఒరుసుకుని, ఒక పక్క బెరడు చీలి, లోపలి చెక్క కనిపిస్తోంది. ఆ పూట నేను ఇంటికి వచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

చెట్టు వేరు పాతాళానికి పోతుందని, పైన ఏం చేసినా దానికి ఫరవాలేదని మనలో చాలామంది అనుకుంటాం. ఆహారాన్ని, నీటిని పీల్చే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరలో, మోకాలి లోతు లోపలే ఉంటాయి. అవి కొమ్మల నీడ పడినంత మేరకూ, ఆ నీడ దాటి కూడా పరుచుకుంటాయి. వేరు కూడా మనలాగే ప్రాణవాయువును పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లోంచే దానికి గాలి అందుతుంది. సిమెంటు పరిచి, దిమ్మెసతో కొట్టి, ఆ సందులన్నీ మూసేస్తే వేరు మెల్లగా ఉక్కిరిబిక్కిరవుతుంది. చెట్టు ఒక్క రోజులో చచ్చిపోదు. మూడేళ్లో ఐదేళ్లో తనలో దాచుకున్న సత్తువతో నెట్టుకొస్తుంది కాబట్టే తప్పు ఎక్కడ జరిగిందో మనకు తెలియకుండా పోతుంది.

మిగిలిన పదింటి చుట్టూ మూడడుగుల మేర టైల్స్ తీయించాం. మట్టిని చెట్టుకు దెబ్బ తగలకుండా పైపైన గుల్ల చేసి, కొంచెం పాతబడిన పశువుల ఎరువు కలిపి, దాని మీద ఎండుటాకు జానెడు మందాన పరిచాం. నీళ్లు మొదట్లో కుమ్మరించకుండా పాదు అంచున పారించాం. మరుసటి చైత్రానికి తొమ్మిది చెట్లు తేరుకున్నాయి. పదోది దక్కలేదు.

నడక బాటను నేను వద్దనడం లేదు. చేతికర్రతో వచ్చే పెద్దవాళ్లకు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు చదునైన బాట ఉండి తీరాలి. బాట ఒక్కటే గట్టిగా ఉండి, మిగిలిందంతా మట్టిగా ఉంటే చాలు. బురద అవుతుందన్న చోట మొరం పోయించవచ్చు. అది నీటిని దిగనిస్తుంది, కాలికి అంటదు. ఆకులు పరిస్తే పాములు చేరతాయని తల్లులు భయపడతారు, ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పిల్లలు ఆడే జాగాలో, బెంచీల దగ్గర శుభ్రంగా ఊడ్పించి, చెట్టు పాదులో మాత్రమే జానెడు మందాన ఉంచితే, రాళ్ల కుప్పలు, విరిగిన టైల్స్ గుట్టలు మూలల్లో పేరబెట్టకుండా చూసుకుంటే, పాముకు దాగే చోటే ఉండదు. నిజానికి చాలా పార్కుల్లో పాము కనిపించేది పని మిగిలాక ఎవరూ తీయని ఆ గుట్టల్లోనే.

మట్టి తెరిచి ఉండడంలో ఇంకో మేలు కూడా ఉంది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులై చివరి వారంలో మన నగరం ఎలా మునిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నడుము లోతు నీళ్లు వచ్చిన రోజులవి. అంత వానను ఒక పార్కు ఆపగలదని నేను అనను. నాలాల సంగతి, చెరువుల సంగతి వేరేగా తేల్చుకోవాల్సిందే. కానీ ప్రతి ఇంటి వాకిలీ, ప్రతి గల్లీ సిమెంటుతో మూసుకుపోయిన కాలనీలో వాన నీరు దిగడానికి మిగిలిన ఒకే ఒక్క జాగా ఆ వెయ్యి గజాలు. ఆ నీరే ఎండాకాలంలో మన బోర్లలోకి వస్తుంది. చుట్టూ మట్టికోట కట్టుకుని బతికిన ఓరుగల్లు మనది. ఇవాళ ఖిలా వరంగల్ వెళ్లి ఆ మట్టికోట మీద నిలబడితే, రాతికోట కంటే అదే ఎక్కువ చుట్టుకొలతతో ఊరిని కాపాడిందన్న సంగతి తెలుస్తుంది.

ఇక రాలిన ఆకు సంగతి. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే వేప, రావి, బాదం, కానుగ వరసగా ఆకు రాలుస్తాయి. పొద్దున ఊడ్చి కుప్ప చేయడం, అగ్గిపుల్ల గీయడం మన పార్కుల్లో అలవాటుగా మారింది. ఆ పూట ఇంకా చలి ఉంటుంది, గాలి ఆడదు, పొగ పైకి లేవకుండా నేల మీదే పరుచుకుంటుంది. ఆరోగ్యం కోసం నడవడానికి వచ్చినవాళ్లం ఆ పొగలోనే గట్టిగా ఊపిరి పీలుస్తూ చుట్లు తిరుగుతాం. ఉబ్బసం ఉన్న పిల్లలు పక్క ఇళ్లలో కిటికీలు మూసుకుంటారు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆకులను కాల్చడాన్ని ఆపాలని, పార్కుల్లో, తోటల్లో వచ్చే ఆకూ కొమ్మా వీలైనంత వరకు అక్కడే ఎరువుగా మార్చాలని చెప్పాయి. ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఊడ్చే అక్కలను దయచేసి తిట్టకండి. ఆ కుప్పను ఎక్కడ వేయాలో మనం చూపించలేదు, మోసుకుపోవడానికి బండి ఇవ్వలేదు. పార్కు శుభ్రంగా కనిపించకపోతే మాట పడేది వాళ్లే. చోటు చూపించాల్సింది మనం.

ఆ చోటు పెద్దదేమీ అక్కర్లేదు. పార్కు ఒక మూలన, గోడకు ఆనకుండా, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున ఇటుకలు సందులు వదిలి పేర్చుకుంటే చాలు, సిమెంటు కూడా అవసరం లేదు. ఎండుటాకు ఒక్కటే వేస్తే కుళ్లడానికి చాలాకాలం పడుతుంది కాబట్టి, జానెడు ఆకు మీద కాస్త పచ్చి గడ్డి కత్తిరింపు, ఒక బకెట్టు పేడ నీళ్లు, గంపెడు మట్టి, మళ్లీ ఆకు, ఇలా పొరలు పొరలుగా నింపాలి. పిడికిట పట్టి పిండితే తడి తగలాలి, నీరు కారకూడదు. పదిహేను ఇరవై రోజులకోసారి తిరగెయ్యాలి. మేము ఫాల్గుణంలో అలా నింపిన ఇటుకల తొట్టిని బతుకమ్మ పండుగకు ముందు తెరిచాం. పైన ఆకులు ఇంకా ఆకుల్లాగే ఉన్నాయి. చెయ్యి లోపలికి పెడితే గోరువెచ్చగా ఉంది. ఇంకా లోపల ఆకు ఆనవాలు లేని నల్లని పొడి, తొలకరి పడ్డప్పటి వాసన, అందులో సన్నని ఎర్రలు. చుట్టూ నిలబడ్డ పిల్లల్లో ఒకరు కూడా ముక్కు మూసుకోలేదు. వాళ్లలో కొందరి తాతలు వరి నాట్లకు ముందు కానుగాకు కొట్టి మడిలో తొక్కించినవాళ్లే. ఆ ఆకునే మనం ఇన్నేళ్లూ పార్కుల్లో కాల్చుతున్నాం.

ఈ నెలలో మొక్కలు తెప్పించే సంఘాలకు ఒక విన్నపం. 2019 నాటి తెలంగాణ మున్సిపల్ చట్టం పట్టణ సంస్థల బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలని చెప్పింది. చట్టం లెక్క పెట్టేది బతికిన మొక్కనే. కాబట్టి వంద మొక్కలతో ఫొటో దిగడం కంటే, పదిహేను మొక్కలు నాటి ఒక్కొక్కదాన్ని ఒక్కో ఇంటికి అప్పగించడం మేలు. ఏ మొక్క అంటే, మన నేలకు అలవాటైనది: వేప, కానుగ, నేరేడు, రావి, మోదుగ, ప్రహరీ వెంట తంగేడు. తంగేడు పార్కులోనే ఉంటే బతుకమ్మ నాడు ఆడపిల్లలు పువ్వు కోసం ఊరి బయటికి పరుగెత్తక్కర లేదు. నర్సరీలో చౌకగా, ఏపుగా కనిపించే కోనోకార్పస్ మాత్రం వద్దు. దాన్ని పెంచవద్దని 2022లో మన రాష్ట్ర ప్రభుత్వమే ఆదేశించింది. ట్రీ గార్డు పెట్టినవాళ్లే మూడేళ్లకు దాన్ని తీసేసే బాధ్యత కూడా రాసుకోవాలి. చెట్టు మొదట్లోకి దిగిపోయిన ఇనుప చువ్వలను నేను ఈ ఊళ్లో చాలాచోట్ల చూశాను. ఫ్లెక్సీల కోసం కొట్టే మేకులకూ ఇదే మాట.

పూల గురించి కొంచెం మొహమాటంగానే చెబుతున్నాను. తెల్లవారకముందే కవర్లు పట్టుకుని వచ్చి పార్కులోని నందివర్ధనం, మందారం, గన్నేరు చెట్లను మొగ్గలతో సహా దులిపేసేది మన వయసువాళ్లమే. దేవుడికే కదా అంటాం. ఏడు గంటలకు బడికి పోయే పిల్ల ఆ దారిన వచ్చేసరికి చెట్టు మీద ఒక్క పువ్వు కూడా ఉండదు. రెండు పూలు కోసుకుని మిగిలినవి చెట్టుకు వదిలితే ఆ తల్లి భద్రకాళి మన మీద అలగదు.

గేటు తాళం గురించి కూడా ఒకసారి ఆలోచించండి. చాలా కాలనీ పార్కులు ఉదయం తొమ్మిదికి మూసి సాయంత్రం నాలుగున్నరకు తెరుస్తారు. సరిగ్గా ఆ మధ్య వేళలోనే బయట ఎండ నలభై నాలుగు డిగ్రీలుంటుంది. అడ్డా మీద పని దొరకని కూలీ, వాటర్ క్యాన్లు మోసే కుర్రాడు, ఆటో నడిపే అన్న, గిన్నెలు తోమి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయే అమ్మ, ఎవరికి నీడ బాగా అవసరమో వాళ్లు గేటు బయట ఇనుప చువ్వల నీడలో నిలబడి ఉంటారు. ఆకతాయిలు చేరతారన్న భయం సంఘాలకు ఉంది, నేను కాదనను. ఆ వేళ ఇద్దరు పెద్దమనుషులు వంతుల వారీగా కూర్చుంటే, ఒక కుండలో నీళ్లు పెడితే, ఆ భయం చాలా వరకు తీరుతుంది. మేము మొన్న చైత్రం నుంచి మధ్యాహ్నం గేటు తీసి ఉంచుతున్నాం. ఇప్పటి వరకు పోయింది ఒక ప్లాస్టిక్ మగ్గు.

చివరిగా, పార్కు స్థలంలో కమ్యూనిటీ హాలో, దుకాణాల గదులో, ఆఫీసు గదో కట్టాలన్న ఆలోచన ఏ సంఘానికైనా ఉంటే, బెంగళూరులో జరిగిన ఒక సంగతి తెలుసుకోవాలి. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే, ఆ కాలనీవాసులే కోర్టుకు వెళ్లారు. పార్కు కోసం ఉంచిన స్థలం ప్రజలందరిదని, దాన్ని అలా ఇంకొకరికి ఇవ్వడం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆసుపత్రి అంతటి మంచి పనికే చెల్లనిది, గదుల అద్దెకు చెల్లుతుందా? హాలు కావలసినవాళ్లు మరో స్థలం చూసుకోవచ్చు. కాలనీ నిండిపోయాక ఇంకో పార్కు ఎక్కడి నుంచి తెస్తాం?

మృగశిర తర్వాత వచ్చే మొదటి ఆదివారం పొద్దున ఆరు గంటలకు, మా పార్కులో బాట పక్కన మిగిలిపోయిన టైల్స్ తీసే పని పెట్టుకున్నాం. పరకాల పెద్దాయన కూడా వస్తానన్నాడు. గడ్డపారలు రెండే ఉన్నాయి. వచ్చే సంఘాలవాళ్లు ఒకటి తెచ్చుకుంటే, మీ పార్కులో పని పడ్డ ఆదివారం మా రెండూ పట్టుకుని మేమూ వస్తాం. తీసిన టైల్స్ పాడుకాకుండా పక్కన పేర్చి ఉంచుతున్నాం, బాట లేని పార్కు ఏదైనా ఉంటే తీసుకుపోవచ్చు.

ఇట్లు,
మీ తోటి నడకరి,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హన్మకొండ